ఏరియా సేల్స్ మేనేజర్‌గా ఏ రంగానికి వెళ్లాలి? నాలుగు రంగాలు, నాలుగు రకాల తలనొప్పులు

కొన్నేళ్లు సేల్స్ ఆఫీసరుగానో మెడికల్ రిప్రజెంటేటివ్‌గానో బజారు తిరిగినవారికి ఒక దశలో రెండు మూడు చోట్ల నుంచి ఒకేసారి పిలుపు వస్తుంది. ఒకటి సబ్బులు, బిస్కెట్ల వంటి రోజువారీ సరుకుల (ఎఫ్‌ఎంసీజీ) కంపెనీ. ఒకటి మందుల కంపెనీ. మరొకటి విత్తనాలు, పురుగుమందులది. ఇంకొకటి సిమెంటుది. హోదా పేరు ఏరియా సేల్స్ మేనేజర్, టెరిటరీ మేనేజర్, ఏరియా బిజినెస్ మేనేజర్ అని మారుతుంది గానీ స్థానం ఒకటే: కింద నలుగురైదుగురు మనుషులు, పైన రీజనల్ మేనేజర్, మధ్యలో మీరు. జీతాలు కూడా దగ్గరదగ్గరగానే ఉంటాయి. దాంతో చాలామంది కంపెనీ పేరు చూసో, ఆఫర్ లెటర్లో అడుగున ఉన్న అంకె చూసో చేరిపోతారు.

నేనైతే ఒక్క సంగతి చూడమంటాను. ఫ్యాక్టరీలో బయలుదేరిన సరుకు, వాడేవారి చేతికి చేరేలోపు ఎక్కడ ఆగుతుంది? దాని తాలూకు డబ్బు ఎవరి దగ్గర ఆగుతుంది? మీ రోజులో సగం ఆ ఆగిన చోటనే గడుస్తుంది. నెలాఖరు ఎలా ఉంటుంది, ఇన్సెంటివ్ చేతికి ఎప్పుడు వస్తుంది, ఆదివారం ఫోను మోగుతుందా లేదా అన్నవన్నీ దాన్నిబట్టే తేలతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్కువ మందికి ఎదురయ్యే నాలుగు రంగాలను ఈ కోణం నుంచి పోల్చి చూద్దాం.

## ముందు ఏం కొలవాలి

మొదటిది, టార్గెట్‌ను దేనిమీద లెక్కగడతారు. కంపెనీ డిస్ట్రిబ్యూటరుకు వేసే బిల్లు ప్రైమరీ, డిస్ట్రిబ్యూటరు దుకాణాలకు వేసే బిల్లు సెకండరీ. ఇన్సెంటివ్ ప్రైమరీ మీద ఉంటే నెలాఖరున గోదాము నింపమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. సెకండరీ మీద ఉంటే నెల పొడవునా సేల్స్‌మన్ల వెంట వీధులు తిరగాలి. రెండో పద్ధతిలో శ్రమ ఎక్కువే కానీ, మొదటి నెల పాపం రెండో నెలకు చుట్టుకోదు.

రెండోది వసూలు. అమ్మడం, డబ్బు రాబట్టడం రెండూ మీ మెడకే ఉంటే అది వేరే ఉద్యోగమనే అనుకోవాలి. మాటకారితనంతో సరుకు దించగలిగిన వారు కూడా బాకీ అడగవలసి వచ్చేసరికి నీళ్లు నములుతారు.

మూడోది, ఏడాదిలో పని ఎలా పంచుకుని ఉంది. కొన్ని రంగాల్లో ప్రతి నెలా ఒకే పరుగు. కొన్నింట్లో నాలుగు నెలలు ఇల్లు మరచిపోయి, తర్వాత కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

నాలుగోది తిరుగుడు, దాని ఖర్చు. ఈ లెక్కను ఎవరూ వేసుకోరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. సొంత కారులో నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగారనుకోండి. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే బండి, పెట్రోలు లీటరు 108 రూపాయలు అనుకుంటే ఇంధనానికే 18,000 అవుతుంది. అంటే కిలోమీటరుకు 6 రూపాయలు. టైర్లు, సర్వీసింగ్, బీమా, బండి విలువ తరుగుదల ఇందులో లేవు. కంపెనీ కిలోమీటరుకు 7 రూపాయలు ఇస్తామంటే నిజానికి మీ జీతంలోంచి కొంత కంపెనీ తిరుగుడుకు పెడుతున్నట్టే. జీతం మీద రెండు వేలు ఎక్కువ అడగడం కంటే ఈ రేటు మీద ఒక రూపాయి ఎక్కువ అడగడం మేలు.

ఐదోది, మీ చేతిలో లేనివి ఎన్ని అన్నది. వాన, ఇసుక, పన్ను మార్పు, ఫోన్ యాప్‌లలో డిస్కౌంటు. మీరు ఎంత కష్టపడినా వీటిలో ఒకటి అడ్డం తిరిగితే టార్గెట్ పోతుంది.

| | ఎఫ్‌ఎంసీజీ | మందులు | విత్తనాలు, పురుగుమందులు | సిమెంట్ |
|---|---|---|---|---|
| సరుకు ఆగే చోటు | డిస్ట్రిబ్యూటరు గోదాము | స్టాకిస్టు (మందుల డిస్ట్రిబ్యూటరు), మందుల షాపు | డీలరు షాపు, సీజను ముగిసే దాకా | పెద్దగా ఆగదు |
| డబ్బు ఆగే చోటు | క్లెయిముల్లో (కంపెనీ తిరిగి ఇవ్వాల్సిన స్కీము సొమ్ము), కిరాణా అరువులో | స్టాకిస్టు దగ్గర కొంత | రైతు పంటలో | డీలరు అరువులో, క్రెడిట్ నోట్లలో (కంపెనీ తర్వాత ఇచ్చే డిస్కౌంటు) |
| వసూలు భారం మీ మీద | తక్కువ | చాలా తక్కువ | అన్నింటికన్నా ఎక్కువ | ఎక్కువ |
| ఒత్తిడి కాలం | ప్రతి నెలాఖరు | ప్రతి నెల, ముఖ్యంగా త్రైమాసికం చివర | మే నుంచి అక్టోబరు, మళ్లీ వసూళ్లప్పుడు | నెలాఖరు, మార్చి |
| బయట బస | ఏరియాను బట్టి | వారానికి ఒకటి రెండు రాత్రులు | సీజనులో తరచు | తక్కువ |
| చేతిలో లేనిది | ఆన్‌లైన్ ధరలు | ఖాళీ హెడ్‌క్వార్టర్లు (రిప్రజెంటేటివ్ లేని ఊళ్లు) | వాన, తెగుళ్లు, పంట ధర | మార్కెట్ ధర, ఇసుక |

## ఎఫ్‌ఎంసీజీ: డిస్ట్రిబ్యూటరు జేబు కాపాడే పని

ఇక్కడ డిస్ట్రిబ్యూటరు చాలా కంపెనీల్లో ముందే డబ్బు కట్టి సరుకు తీసుకుంటాడు, లేదా బ్యాంకు ద్వారా కొద్ది రోజుల గడువు పొందుతాడు. కాబట్టి కంపెనీకి బాకీ భయం తక్కువ. ఆ భయమంతా డిస్ట్రిబ్యూటరే మోస్తాడు. కిరాణా కొట్లకు అరువు ఇచ్చేది అతనే. స్కీములు ముందుగా తన జేబులోంచి ఇచ్చి, తర్వాత కంపెనీ నుంచి క్లెయిము కోసం ఎదురుచూసేదీ అతనే.

ఒక లెక్క చూడండి. నెలకు 40 లక్షల అమ్మకం, 5 శాతం మార్జిన్ అంటే 2 లక్షలు. సేల్స్‌మన్ల జీతాలు, ఆటోలు, గోదాము అద్దె కలిపి లక్షా 30 వేలు పోతే 70 వేలు మిగులుతాయి. గోదాములో 12 లక్షల సరుకు, బజారులో 10 లక్షల అరువు, కంపెనీ నుంచి రావలసిన క్లెయిములు 3 లక్షలు అనుకుంటే పెట్టుబడి 25 లక్షలు. ఏడాదికి దాదాపు 34 శాతం రాబడి, బాగానే ఉంది. ఇప్పుడు నెలాఖరుల్లో మీరు తోసిన సరుకుతో గోదాము 20 లక్షలకు, ఆగిన క్లెయిములు 8 లక్షలకు పెరిగాయనుకోండి. పెట్టుబడి 38 లక్షలు అవుతుంది, లాభం మాత్రం అదే 70 వేలు. రాబడి 22 శాతానికి పడిపోతుంది. అప్పు తెచ్చి వ్యాపారం చేసేవాడికి ఇందులోంచి వడ్డీ కూడా పోవాలి. ఆరు నెలలు ఇలా గడిస్తే అతను డిస్ట్రిబ్యూషన్ వదులుకుంటాడు. ఆ ఊళ్లో కొత్తవాణ్ని వెతికి, సరుకు మార్పించి, నిలబెట్టేసరికి మీ ఒక త్రైమాసికం పోతుంది. ఏరియా మేనేజరు సమర్థత ఈ ఒక్క లెక్కను ఎంత బాగా చూసుకుంటాడన్న దాంట్లో తెలుస్తుంది. ప్రెజెంటేషన్లలో కాదు.

2025 సెప్టెంబరు 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు ఇదే జరిగింది. పన్ను తగ్గబోతోందని ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక బజారు కొనుగోళ్లు నెమ్మదించాయి. పాత ఎమ్మార్పీ సరుకు గోదాముల్లో నిలిచింది. కొనేవాళ్లకు శుభవార్త, ఆ రెండు నెలలు టార్గెట్ మోసినవాళ్లకు గండం.

హైదరాబాద్ ఏరియా ఇస్తామంటే తొందరపడి మురిసిపోకండి. బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ వంటి యాప్‌ల వ్యాపారం, డీమార్ట్ వంటి పెద్ద దుకాణాల వ్యాపారం చాలా కంపెనీల్లో వేరే జట్టు చూస్తుంది. ఆ అమ్మకం మీ ఖాతాలో పడదు, దాని దెబ్బ మాత్రం మీ బీటు (మీ జట్టు తిరిగే దుకాణాల వరుస) మీద పడుతుంది. పైగా బేగంబజారు వంటి హోల్‌సేల్ బజారు దగ్గరుంటే పక్క ఏరియా సరుకు తక్కువ ధరకు మీ వీధుల్లోకి వచ్చి పడుతుంది. విజయవాడ వన్‌టౌన్ చుట్టుపక్కలా ఈ గొడవ ఉంటుంది. మేనేజరుగా మొదటి ఏరియా అయితే ఖమ్మం, రాజమహేంద్రవరం, కర్నూలు వంటి జిల్లా కేంద్రమే నయం. పట్నం దుకాణం, పల్లెలకు సరుకు పంచే సబ్‌స్టాకిస్టు, హోల్‌సేలరు ముగ్గురూ ఒకే చోట అర్థమవుతారు.

ఇక్కడ నేర్చుకున్నది ఎక్కడైనా పనికొస్తుంది. ఇంకో రంగానికి మారడం ఎఫ్‌ఎంసీజీ వాళ్లకు సులువైనంతగా మిగతావాళ్లకు కాదు.

## మందులు: మనుషుల్ని నిలబెట్టుకునే పని

మందుల కంపెనీ ఏరియా మేనేజరు చేతికి డబ్బు రాదు, సరుకు రాదు. స్టాకిస్టు నుంచి వసూలు డిపో, ఆఫీసు చూసుకుంటాయి. మీరు చూడవలసింది డాక్టరు రాసే చీటీని. అది కంటికి కనిపించదు కాబట్టి మందుల షాపులో కూర్చుని ఏ డాక్టరు ఏ బ్రాండు ఎంత రాస్తున్నాడో కూపీ తీయాలి. ఆర్‌సీపీఏ అని ఫారంలో రాసేది ఇదే. చాలామంది రెప్‌లు దీన్ని ఇంట్లో కూర్చుని నింపుతారు, మేనేజర్లకూ ఆ సంగతి తెలుసు.

అసలు తలనొప్పి ఖాళీలు. మీ కింద ఐదు హెడ్‌క్వార్టర్లు ఉండి రెండింట్లో రెప్ మానేస్తే, ఆ రెండింటి టార్గెట్ మాయమవదు, మీ మీదే ఉంటుంది. కొత్తవాణ్ని తీసుకుని, ట్రైనింగ్ ఇచ్చి, డాక్టర్లు గుర్తుపట్టే స్థితికి తెచ్చేలోపు అతనికి మరో కంపెనీ నుంచి ఫోను వస్తుంది. అందుకే ఈ రంగంలో ఆఫర్ వస్తే జీతం కంటే ముందు అడగవలసింది, ప్రస్తుతం ఎన్ని హెడ్‌క్వార్టర్లు ఖాళీ, ఎన్నాళ్లుగా అని.

2024 మార్చిలో కేంద్రం తెచ్చిన కొత్త మార్కెటింగ్ నియమావళి డాక్టర్లకు, వారి కుటుంబాలకు బహుమతులు, ప్రయాణ ఖర్చులు ఇవ్వకూడదంటుంది. ఉచిత శాంపిళ్ల విలువ కంపెనీ దేశీయ అమ్మకాల్లో ఏడాదికి 2 శాతం దాటకూడదు. దీన్ని గట్టిగా పాటించే కంపెనీ, చూసీచూడనట్టు ఉండే కంపెనీ ఒకే వీధిలో పోటీ పడుతుంటాయి. మీరు చేరేది ఏ రకమో ఇంటర్వ్యూలో తెలియదు, ఆ కంపెనీ రెప్‌ను టీ కొట్టు దగ్గర అడిగితే తెలుస్తుంది.

మరో మాట. మెడికల్ రిప్రజెంటేటివ్‌లకు సెలవులు, నియామక పత్రం వంటి విషయాల్లో రక్షణగా 1976లో సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల చట్టం వచ్చింది. ప్రధానంగా మేనేజర్ పని చేసేవారిని ఆ చట్టం తన పరిధిలోంచి తప్పించింది. 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, మేనేజర్లను అవీ కార్మికులుగా లెక్కించవు. రెప్‌గా యూనియన్ అండ అలవాటైనవారికి ప్రమోషన్ వచ్చిన రోజు నుంచి ఆ గొడుగు ఉండదు.

దినచర్య మాత్రం ఈ నాలుగింటిలోనూ ఇక్కడే కాస్త క్రమబద్ధం. టూర్ ప్రోగ్రాం నెల ముందే తెలుస్తుంది. సాయంత్రం ఓపీ సమయం వల్ల రాత్రి ఆలస్యమవుతుంది, అంతే.

## విత్తనాలు, పురుగుమందులు: అమ్మడం తేలిక, రాబట్టడం కష్టం

బీఎస్సీ అగ్రికల్చర్ చదివినవారికి ఇది సహజమైన దారి. రైతు మీటింగులు, పొలంలో డెమోలు, ఫీల్డ్ డేలు చదువుకున్నదానికి దగ్గరగా ఉంటాయి. పంట గురించి నిజంగా తెలిసిన మేనేజరు మాటకు డీలరు దగ్గర ఉన్నంత విలువ మరే రంగంలోనూ చూడలేదు. ఆ తృప్తి నిజమైనదే.

డబ్బు విషయం వేరు. జూన్‌లో దించిన పత్తి విత్తనం డబ్బు పత్తి తీతలు మొదలైతేనే కదులుతుంది. మిరపకు కొట్టిన మందుల డబ్బు గుంటూరు యార్డుకు కాయ వెళ్లే ఫిబ్రవరి, మార్చి దాకా ఆగుతుంది. రైతు డీలరుకు, డీలరు కంపెనీకి, మధ్యలో మీరు. 2021-22లో నల్ల తామర పురుగు తెలుగు రాష్ట్రాల మిరప తోటలను తినేసినప్పుడు రైతులు మందు మీద మందు కొట్టారు. పురుగుమందు అమ్మినవారికి ఆ సీజను కాగితం మీద బ్రహ్మాండం. కానీ పంట పోయిన రైతు ఏం కడతాడు? అమ్మకం ఎక్కువైన ఏడాదే వసూలు గడ్డుదవడం ఈ రంగం ప్రత్యేకత.

విత్తనాల్లో ఇంకో చిక్కు ఉంది. సీజను ముగిశాక అమ్ముడుపోని ప్యాకెట్లు వెనక్కి వస్తాయి. జూలైలో టార్గెట్ దాటామని సంబరపడిన ఏరియా, వాపసులు లెక్కకట్టాక అక్టోబరులో వెనకబడిపోవచ్చు. ఇన్సెంటివ్ వాపసుల తర్వాతి నికర అమ్మకం మీదా, వసూలు మీదా అన్నది లిఖితపూర్వకంగా తెలుసుకోండి. పైగా బీటీ పత్తి విత్తనానికి గరిష్ఠ ధర ఏటా కేంద్రమే నిర్ణయిస్తుంది. 2025-26లో 475 గ్రాముల బీజీ-2 (రెండో తరం బీటీ) ప్యాకెట్‌కు అది 901 రూపాయలు. పై ధర అందరికీ ఒకటే కాబట్టి పోటీ అంతా డీలరు మార్జిన్, అరువు గడువుల మీదకు మళ్లుతుంది. కలుపుమందు తట్టుకునే, అనుమతి లేని పత్తి విత్తనం దొంగచాటుగా తిరిగే మండలాల్లో ఈ పోటీ మరీ అన్యాయంగా ఉంటుంది.

చట్టం కూడా దగ్గరగా ఉంటుంది. డీలరు లైసెన్సులో మీ కంపెనీ ప్రిన్సిపల్ సర్టిఫికెట్ (తన సరుకు అమ్ముకోవచ్చని కంపెనీ ఇచ్చే పత్రం) ఎక్కకుండా పురుగుమందు దించితే తనిఖీకి వచ్చిన వ్యవసాయాధికారి అమ్మకం ఆపేస్తారు. శాంపిలు నాణ్యత పరీక్షలో తప్పితే కేసు కంపెనీ మీద పడుతుంది. కంపెనీ తరఫున బాధ్యుడిగా ఎవరి పేరు ఇచ్చారో చేరేముందే అడగండి. అది మీ పేరే కాబోతుంటే ఆ మాటకు తగిన విలువ జీతంలో కనిపించాలి.

## సిమెంట్, దాని పక్కనే పెయింట్లు

సిమెంటులో సరుకు ఎక్కువ రోజులు నిలవదు, నిలవనివ్వరు కూడా. ఇక్కడ కదిలేది ధర. తాండూరు, హుజూర్‌నగర్, జగ్గయ్యపేట, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో సున్నపురాయి పుష్కలం, ఫ్యాక్టరీలు ఎక్కువ, దక్షిణాదిలో గిరాకీ కంటే ఉత్పత్తి సామర్థ్యమే ఎక్కువ. దాంతో బిల్లు ధర ఒకటి, డిస్కౌంట్లన్నీ పోను డీలరుకు పడే ధర ఒకటి. ఆ తేడా క్రెడిట్ నోటు రూపంలో తర్వాత వస్తుంది. ఎంత వస్తుందో తెలియకుండానే డీలరు బస్తా అమ్మేస్తాడు, రాకపోతే మీ కాలర్ పట్టుకుంటాడు. నోటి మాట మీద డిస్కౌంటు హామీ ఇచ్చే అలవాటున్న రీజనల్ మేనేజర్ కింద పనిచేయడం కంటే తక్కువ జీతానికి మరోచోట చేరడం మంచిది.

చేతిలో లేనివి ఇక్కడ బాగా పెద్దవి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక దొరక్క ఇళ్ల పనులు ఆగిపోయినప్పుడు ఏ సేల్స్ మేనేజరూ ఏమీ చేయలేకపోయాడు. కంపెనీలు చేతులు మారడం మరొకటి. 2024లో పెన్నా సిమెంట్ అదానీ గ్రూపులోకి, ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్‌లోకి వెళ్లాయి. రెండు కంపెనీలు కలిస్తే ఒకే ఊరికి ఇద్దరు ఏరియా మేనేజర్లు మిగులుతారన్నది గుర్తుంచుకోండి.

పెయింట్లు వేరే కథ. పెద్ద కంపెనీలు నేరుగా డీలరుకే సరుకిస్తాయి. షాపులో రంగులు కలిపే మిషను ఎవరిదైతే వారిదే పైచేయి. 2024 ఫిబ్రవరిలో బిర్లా ఓపస్ రంగంలోకి దిగాక డీలర్ల కోసం పోటీ పెరిగింది, అనుభవమున్న సేల్స్ మనుషులకు గిరాకీ కూడా. పెయింటర్లు, మేస్త్రీలతో కలిసిపోయే స్వభావం ఉంటే సిమెంటు కంటే పెయింట్లలో రోజు హాయిగా గడుస్తుంది.

## ఎవరికి ఏది

పిల్లలు బడికి వెళ్లే వయసులో ఉండి, రాత్రికి ఇల్లు చేరడం ముఖ్యమైతే సిమెంట్ లేదా పెయింట్లు చూడండి. ఏరియా చిన్నది, తిరుగుడు ఒకటి రెండు జిల్లాల్లో ముగుస్తుంది. ఎంబీఏ చేసి, పదేళ్లలో జోనల్ స్థాయికో మార్కెటింగుకో వెళ్లాలనుకునేవారికి ఎఫ్‌ఎంసీజీకి సాటి లేదు, నెలాఖరు నరకం భరించాలి. మొహమాటం ఎక్కువ ఉన్నవారు వ్యవసాయ రంగానికి దూరంగా ఉండటమే మంచిది. బాకీ అడగలేక, తామే సర్దుబాటు చేసి చిక్కుల్లో పడేవాళ్లు ఈ రంగంలోనే ఎక్కువ. పల్లె నేపథ్యం, పంట జ్ఞానం, గట్టి గొంతు మూడూ ఉంటే మాత్రం అక్కడే వెలుగుతారు.

మహిళలకు ఈ ఉద్యోగాల్లో ఉన్న అడ్డంకి గురించి కంపెనీలు మాట్లాడవు. బీటులో శుభ్రమైన టాయిలెట్, బస చేసే ఊళ్లో నమ్మదగిన లాడ్జి. మందుల రంగంలో ఆసుపత్రుల వల్ల మొదటిది కొంత నయం. మిగతా చోట్ల లాడ్జి ఖర్చు పరిమితి మేనేజర్ గ్రేడులో ఎంతో అడిగి, ఆ సొమ్ముకు మీ ఊళ్లలో ఎలాంటి గది వస్తుందో చూసుకుని ఒప్పుకోండి.

## సంతకం పెట్టేముందు

ఒక రోజు సెలవు పెట్టి ఆ ఏరియాకు వెళ్లండి. ముగ్గురు డిస్ట్రిబ్యూటర్లనో డీలర్లనో కలిసి, ఆగిన క్లెయిములు ఎన్ని నెలలవో అడగండి. వాళ్లు దాచరు, పైగా ఆపకుండా చెబుతారు. ఆ కుర్చీలో ఇంతకుముందు ఎవరున్నారు, ఎందుకు వెళ్లారు, గత మూడేళ్లలో ఎంతమంది మారారు అన్నది కూడా అక్కడే తెలుస్తుంది. ఏటా ఒకరు మారిన ఏరియాలో లోపం మనుషులది అయ్యుండదు.

ఇన్సెంటివ్ షరతుల్లో, చెల్లించే తేదీకి ఉద్యోగంలో ఉంటేనే ఇస్తామన్న వాక్యం ఉందేమో చూడండి. చాలాచోట్ల ఉంటుంది. అప్పుడు రాజీనామా తేదీని దాన్నిబట్టి పెట్టుకోవాలి.

ఇక వసూలు ఉన్న రంగమైతే, చేరిన మొదటి నెలలోనే ప్రతి డీలరు నుంచి బాకీ నిర్ధారణ లేఖ మీద సంతకం, ముద్ర తీసుకోండి. పాత మేనేజరు నోటితో ఒప్పుకున్న డిస్కౌంట్లు, వాపసులు ఏమైనా ఉంటే ఆ లేఖ మీదే రాయించి రీజనల్ మేనేజరుకు ఈమెయిలు పంపండి. మానేసే రోజు ఇదే పని మళ్లీ చేసి, ఒక కాపీ ఇంట్లో ఉంచుకోండి. ఆఖరి జీతం, గ్రాట్యుటీ లెక్క తేల్చేటప్పుడు పాత బాకీలను మీ పేరున చూపిస్తే అడ్డుచెప్పడానికి మీ దగ్గర ఉండే కాగితం అదొక్కటే.